బేస్‌మెంట్‌లోకి నీళ్లొస్తున్నాయా? లోపలి డ్రెయిన్ వేయించుకున్నవాడిగా నా జవాబు

న్యూజెర్సీలో పాతిల్లు కొన్నామని, గట్టి వాన పడితే బేస్‌మెంట్ గోడ కింద తడి కనిపిస్తోందని, కాంట్రాక్టర్ లోపల ఫ్రెంచ్ డ్రెయిన్ (నేల కింద కంకరలో చిల్లుల పైపు వేసి నీరు తీసే కాలువ) వేయాలంటున్నాడని, అంత ఖర్చు అవసరమా అని అడిగారు. మాదీ ఎడిసన్ దగ్గర అలాంటి ఇల్లే, కాంక్రీట్ బ్లాకు గోడలు. అవసరం కావచ్చండీ. కానీ అడ్వాన్స్ ఇచ్చే ముందు, వాన పడుతున్నప్పుడే గొడుగేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి రండి.

నేను ఆ పని చేయలేదు. ముందు గోడలకి వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొట్టించా. ఆర్నెల్లకే అప్పడంలా పొంగి ఊడిపోయింది. ఆ వేసవిలో తెనాలి నుంచి వచ్చిన మా నాన్న ఒక వానరోజు పోర్చ్‌లో కాఫీ తాగుతూ, "చూరు నీళ్లన్నీ గోడ మొదట్లోనే పడుతుంటే లోపలికి రాక ఎక్కడికి పోతాయిరా?" అన్నారు. వెళ్లి చూస్తే గట్టర్ (చూరు నీళ్లు పట్టే తొట్టి) నిండా ఆకులు, డౌన్‌స్పౌట్ (ఆ నీళ్లు కిందికి దింపే గొట్టం) మూతి సరిగ్గా పునాది పక్కనే. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే 600 గ్యాలన్ల పైచిలుకు నీళ్లు. మేం చేతులారా అవన్నీ పునాదికి పోస్తున్నాం! గట్టర్లు కడిగించి, డౌన్‌స్పౌట్‌లకి పదేసి అడుగుల గొట్టాలు తగిలించి, గోడ నుంచి పదడుగుల దూరానికి ఆరంగుళాలు వాలు వచ్చేలా మట్టి పోయించాం. సగం బాధ తీరింది. మీకు అక్కడితో ఆగిపోతే ఆ డబ్బులు మిగిలినట్టే.

మాకు ఆగలేదు. రెండు మూడు రోజుల ముసురు పట్టిందంటే గోడా నేలా కలిసే చోట నీరు ఊరేది. చుట్టూ మట్టి నానిపోయి, భూమిలోని నీరే ఒత్తిడితో ఆ సందులోంచి తోసుకొస్తుందన్నమాట. దానికి ఏ పెయింటూ నిలవదు. అప్పుడే లోపలి డ్రెయిన్ వేయించాం. (ఫ్రెంచ్ అన్నారు కదా అని ఫ్రాన్సు అనుకునేరు. 1859లో పొలాల్లో నీరు తీసే పద్ధతుల గురించి రాసిన హెన్రీ ఫ్లాగ్ ఫ్రెంచ్ అనే అమెరికా ఆయన పేరది.)

రెండు రోజుల పని. గోడ వెంబడి అడుగు వెడల్పున నేలని జాక్‌హ్యామర్‌తో పగలగొట్టి, ఫుటింగ్ (గోడని మోసే కాంక్రీట్ పునాది) పక్కన కాలువ తవ్వి, కంకర పరిచి, చిల్లుల పైపు వేసి, మళ్లీ కంకర, పైన కాంక్రీట్. బ్లాకుల అట్టడుగు వరసలో చిల్లులు వేయించడం మరిచిపోనివ్వకండి, డొల్ల బ్లాకుల్లో నిలిచిన నీరు దిగేది వాటిలోంచే. ఫుటింగ్ కిందికి మాత్రం తవ్వనివ్వద్దు. దుమ్ము సంగతి ముందే చెప్తున్నా: హీటింగ్ ఆపి, వెంట్‌లన్నీ ప్లాస్టిక్‌తో మూయండి. మేం మూయలేదు, నెల రోజులు పప్పుడబ్బాల మీద కూడా సిమెంటు పొడే.

ఆ పైపు నీరంతా నేలలో తవ్విన సంపు గుంటలోకి చేరుతుంది, అందులోని పంపు దాన్ని బయటికి తోడేస్తుంది. హైదరాబాద్‌లో సంపు నీళ్లు దాచుకోవడానికి, ఇక్కడ బయటికి తోలేయడానికి. నేను గ్రహించాల్సిన అసలు విషయం అక్కడుంది: ఈ డ్రెయిన్ నీటిని ఆపదు, పిలిచి ఒకచోట కూర్చోబెడుతుంది. పంపు ఆగిందా, అంతా వృథా.

2021 సెప్టెంబరు 1, ఐడా తుఫాను శేషం మన మీద పడిన రాత్రి. ఎనిమిదిన్నరకి మా వీధిలో కరెంటు పోయింది. అంతవరకూ గుర్రుమంటున్న పంపు ఒక్కసారిగా మూగబోయింది. బ్యాటరీ బ్యాకప్ పెట్టమంటే నేనే ఖర్చని వద్దన్నా. సంపు నిండి మూత పక్కల నుంచి పొంగుతుంటే నేనూ మా ఆవిడా రెండింటి దాకా బకెట్లతో మెట్లెక్కాం. నేల మీద పెట్టిన అట్టపెట్టెల్లో కొండపల్లి బొమ్మల కొలువు ఉండేది. దశావతారాల్లో ఇప్పుడు మత్స్యావతారం ఒక్కటే రంగుతో ఉంది. ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేస్తే మామూలు పాలసీలో ఇది రాదు, సంపు పొంగడానికి వేరే రైడర్ (పాలసీకి అదనంగా కొనే కవరేజీ) తీసుకోవాలన్నారు.

మర్నాడే బ్యాటరీతో నడిచే రెండో పంపు ఆర్డర్ పెట్టా. మీరు కొటేషన్‌లోనే దాన్ని రాయించుకోండి. పంపు పైపుకి చెక్ వాల్వ్ (తోడిన నీరు వెనక్కి రాకుండా ఆపేది), సంపుకి బిగుతైన మూత కూడా రాయించండి. మూత తేమకే కాదు, నేలలోంచి వచ్చే రాడాన్ అనే హానికరమైన వాయువుకీ కావాలి. పంపు తోడే నీటిని మురుగు లైన్లో కలపనివ్వద్దు, చాలా టౌన్లలో నిషేధం. బయటి గొట్టం వాలుగా ఉంటేనే చలికాలం అందులో నీరు నిలిచి గడ్డకట్టదు. మూణ్నెల్లకోసారి సంపులో బకెట్ నీళ్లు పోసి ఫ్లోట్ (నీటితో పాటు లేచి పంపుని ఆన్ చేసే బుడ్డి) లేస్తోందో లేదో చూసుకుంటే చాలు.

మీ డౌన్‌స్పౌట్‌లు ఎక్కడ పడుతున్నాయో ఫొటో తీసి పెట్టండి. చూసి చెప్తాను.