బండి దిగబడకముందే నువ్వు దిగు

అల్లుడూ,

మీ అమ్మ చెప్పింది, నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ప్లాన్ కూడా చూశాను. క్రిస్మస్ తర్వాతి శనివారం థార్, జిమ్నీ జీపులు వేసుకుని స్నేహితులంతా బయల్దేరుతున్నారు. పొద్దున్న వంశధార ఇసుక, మధ్యాహ్నం పాతపట్నం, మెళియాపుట్టి మీదుగా కొండదారులు, రాత్రికి మందస దగ్గర టెంట్లు, ఆదివారం బారువ బీచ్‌లో బండ్లు. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. నది, కొండ, సముద్రం ఒక్క రోజు ప్రయాణంలో దొరికే జిల్లా మన శ్రీకాకుళం. మనవాళ్లే సరిగ్గా చూడరు.

ఏజెన్సీలో జీపు నడుపుతూనే రిటైరయ్యాను కాబట్టి నాలుగు మాటలు చెప్తాను. నాలుగూ ఒకే మాట చుట్టూ తిరుగుతాయి: తెలియని నేల మీదికి బండి వెళ్లే ముందు మనిషి దిగి నడిచి చూడాలి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది, నాలుగు చక్రాలూ లాగుతాయి కదా అన్న ధీమాతో దిగడం మానేసినవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు. అది కూడా మామూలు బండి వెళ్లలేనంత లోపలికి వెళ్లి మరీ ఇరుక్కుంటారు.

ముందు ప్లాన్‌లోంచి బీచ్‌లో బండి నడపడం తీసెయ్. డిసెంబరు ఆఖరు నుంచి మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఏప్రిల్ దాకా ఆ గూళ్లు ఇసుక కింద ఉంటాయి, పైకి ఏమీ కనబడదు. చక్రం పడితే గుడ్లన్నీ పోతాయి. పిల్లలు బయటికొచ్చే రోజుల్లో హెడ్‌లైట్ వేస్తే సముద్రం వైపు వెళ్లాల్సినవి వెలుగు వైపు వచ్చేస్తాయి. పైగా పొద్దున్నే అక్కడ జాలర్లు ఒడ్డు నుంచి అలివి వల లాగుతుంటారు, వాళ్ల తాళ్ల మీదుగా బండి తోలడం పద్ధతి కాదు. బారువలో బండ్లు రోడ్డు మీదే ఆపి నడవండి. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు కాలినడకనే బాగుంటుంది.

ఇక వంశధార. డిసెంబరులో నీళ్లు తగ్గి ఇసుక మేటలు బయటపడతాయి, చూడ్డానికి మైదానంలా ఉంటాయి. కానీ పైన ఎండిన పొర, కింద తడి ఉన్న చోట్లు చాలా ఉంటాయి. ఇసుక తవ్విన గోతుల్లో నీళ్లు చేరి, మీద మళ్లీ ఇసుక పేరుకున్న చోట్లు ఇంకా ప్రమాదం. దిగి నడిచినప్పుడు మడమతో గట్టిగా తొక్కి చూడు. మడమ దిగిన గుంటలో కాసేపటికి నీరు ఊరితే అటు బండి పోనివ్వకు. ఎడ్లబండి జాడలు, ట్రాక్టరు జాడలు ఎటు ఉన్నాయో చూసుకో. వాళ్లు చుట్టూ తిరిగి వెళ్లారంటే కారణం ఉంటుంది.

ఇసుకలోకి దిగే ముందే టైర్లలో గాలి తియ్యాలి. రోడ్డు మీద 30 పీఎస్‌ఐ చుట్టుపక్కల ఉండేదాన్ని 18కి తెస్తే చాలు. టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. దిగబడ్డాక 15 దాకా తగ్గించవచ్చు, కానీ అప్పుడు స్టీరింగ్ గబుక్కున తిప్పితే టైరు రిమ్ము మీంచి ఊడొస్తుంది. కాబట్టి వేగం, మలుపు రెండూ మెల్లగా ఉండాలి. గాలి కొట్టే చిన్న మిషన్, గాలి చూసే మీటరు రెండు బండ్లలోనూ ఉండాలి. తక్కువ గాలితో తారురోడ్డు మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది.

చక్రం ఒక్కచోటే తిరుగుతోంది అనిపించిన క్షణంలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్. ఇది మీ అందరూ ముందే ఒప్పుకోవాలి, ఎందుకంటే ఆ టైంలో పక్కవాళ్లు "ఇంకొంచెం, ఇంకొంచెం" అని అరుస్తారు. ఆ ఇంకొంచెమే బండిని ఇరుసు దాకా దింపేస్తుంది. ఆపి, దిగి, నాలుగు చక్రాల ముందూ వెనకా పారతో ఇసుక తియ్యండి. బండి కడుపు ఇసుకకి ఆనితే అక్కడా తియ్యాలి. తర్వాత వచ్చిన జాడలోనే మెల్లగా రివర్స్ చేయండి. ఆ జాడ ఒకసారి అణిగిన ఇసుక, ముందున్న దానికంటే అదే గట్టిగా ఉంటుంది. చక్రాల కింద వెయ్యడానికి చెక్క పలకలు పట్టుకెళ్లండి.

అప్పటికీ రాకపోతే రెండో బండితో లాగాలి. ఇక్కడ నాకు నిజంగా భయం, అందుకే వివరంగా రాస్తున్నాను. తాడు బండి చాసిస్‌కి ఉన్న టో హుక్‌కే తగిలించాలి. బంపర్‌కి, ట్రైలర్ తగిలించే గుండుకి కట్టకూడదు. సాగిన తాడు తెగినా, హుక్కు ఊడినా అది తుపాకీ గుండులా వస్తుంది, మనిషి ప్రాణం పోతుంది. తాడు మధ్యలో తడి గోనెసంచో దుప్పటో వేస్తే తెగినా కిందికి పడుతుంది. లాగేటప్పుడు డ్రైవర్లు ఇద్దరూ తప్ప మిగతావాళ్లు తాడు పొడవుకి రెండింతల దూరంలో నిలబడాలి. వీడియో తీసేవాడు కూడా. ట్రాక్టరు రైతు సాయానికొస్తే గొలుసుతో కుదుపు ఇచ్చి లాగొద్దని, మెల్లగా బిగించి లాగమని చెప్పండి. పని అయ్యాక అతను వద్దన్నా డీజిల్ డబ్బులు, కూలి చేతిలో పెట్టండి.

కొండదారిలో ఇసుక బాధ ఉండదు, గెడ్డల బాధ, అంటే కొండవాగుల బాధ ఉంటుంది. వంశధార అయినా, నాగావళి అయినా పైన ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. అక్కడ వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు పెరుగుతాయి. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తితే కిందనున్న మేటల మీదికీ నీళ్లు వస్తాయి, కాబట్టి ఇసుకలోకి దిగే ముందు ఒడ్డు ఊళ్లో ఆ కబురు కనుక్కో. చిన్న గెడ్డకి గేటూ ఉండదు, కబురూ రాదు. తేటగా పారుతున్న నీళ్లు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం మొదలైనా పైన వరద వచ్చినట్టే. అప్పుడు ఒడ్డునే ఆగిపోండి. మేమొకసారి ఒక గెడ్డ దాటబోతూ నీళ్ల రంగు చూసి ఆగాం. మా ఎదురుగానే మోకాలి లోతు నీళ్లు మనిషిని ముంచేంత అయ్యాయి. సాయంత్రానికి మళ్లీ తగ్గాయి, అప్పుడే దాటాం.

థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో వెళ్లగలదని కంపెనీ చెప్తుంది. అది నిలవ నీళ్ల లెక్క అనుకో. పారే నీళ్లు బండిని పక్కకి నెడతాయి. కర్ర పట్టుకుని ముందు ఒకడు దాటి చూడాలి, గోతులు, బండరాళ్లు ఎక్కడున్నాయో చెప్పాలి. పారే నీళ్లు చక్రం మధ్యభాగం దాటితే వెనక్కి తిరగండి. ఒక బండి అవతలి ఒడ్డు ఎక్కాకే రెండోది దిగాలి. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చెయ్యొద్దు. లోపలికి నీళ్లు వెళ్లి ఉంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. తోసుకునో లాక్కునో బయటికి తెచ్చి మెకానిక్‌కి చూపించాలి. దాటేశాక రెండు మూడు సార్లు బ్రేకు మెల్లగా తొక్కి ఆరబెట్టుకో.

ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఆగిపోతే అక్కడే తిప్పే ప్రయత్నం చేయకు, అడ్డం తిరిగిన బండి పల్టీ కొడుతుంది. రివర్స్ గేర్ వేసి వచ్చిన దారినే తిన్నగా దిగు. పల్లంలో 4ఎల్ (ఫోర్ వీల్ లో-రేంజి), ఫస్ట్ గేర్ వేసి ఇంజిన్ మీదే దింపు. రాళ్ల మీద నడిపేటప్పుడు బొటనవేలు స్టీరింగ్ లోపలికి పెట్టకు, చక్రం రాయికి తగిలి స్టీరింగ్ గిర్రున తిరిగితే వేలు విరుగుతుంది. తారురోడ్డు ఎక్కగానే 2హెచ్‌కి, అంటే రెండు చక్రాల డ్రైవ్‌కి మార్చు. ఈ రెండు బండ్లకీ పొడిరోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడిపితే గేర్లు బిగుసుకుంటాయి. సైగలు చేసేవాడు ఒక్కడే ఉండాలి, మిగతావాళ్లు నోరు మూసుకోవాలి.

కోసేసిన వరిమడి ఖాళీగా ఉందని అడ్డంగా పోనివ్వకండి. మనవాళ్లు కోతకి ముందే వరిలో పెసర, మినుము జల్లుతారు. మీరు వెళ్లే రోజులకి మోళ్ల మధ్య రెండాకుల మొక్కలుంటాయి. బండిలోంచి కనబడవు, దిగి వంగి చూస్తే కనబడతాయి. మందస, సోంపేట వైపు తోటల ప్రాంతం ఉద్దానంలో చెట్ల మధ్య ఖాళీలూ అంతే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన కొబ్బరి, జీడిమామిడి స్థానంలో మళ్లీ నాటి పెంచుకుంటున్నారు. ఆ తోటలు పోయినప్పుడు వాళ్లు పడ్డ బాధ నేను చూశాను. ఒక్క మొక్క కూడా మీ చక్రం కింద పడకూడదు.

మెళియాపుట్టి, మందస కొండల్లో సవర గిరిజనుల ఊళ్లుంటాయి. ఊరి మొదట్లోనే బండి ఆపి, పాట ఆపి, పెద్దవాళ్లతో మాట్లాడు. దారి ఎక్కడిదాకా బాగుందో మ్యాప్ కంటే వాళ్లకే బాగా తెలుసు. ఆడవాళ్లు స్నానం చేసే రేవుకి బండ్లు తీసుకెళ్లొద్దు, అడగకుండా ఫొటోలు తియ్యొద్దు. రిజర్వు ఫారెస్టులోకి వెళ్లాలంటే ముందురోజే రేంజి ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోండి. మహేంద్రగిరి ఎక్కుదామని మీవాడెవడో అన్నాడట. 1,501 మీటర్ల కొండ, అది ఒడిశాలో ఉంది. ఇంకోసారికి ఉంచుకోండి, ఈసారి చూసి రండి చాలు.

ఐదున్నరకే చీకటి పడుతుంది. మూడున్నరకల్లా టెంటు వేసే చోటుకి చేరాలి, నాలుగున్నర తర్వాత ఏ కొత్తదారీ పట్టకూడదు. రాత్రిపూట ధాన్యం ట్రాక్టర్లు వెనక లైట్లు లేకుండా వస్తుంటాయి, రోడ్డు మీదే నూర్పిళ్లు జరుగుతుంటాయి. టెంటు గెడ్డ ఒడ్డున వెయ్యొద్దు, కొబ్బరిచెట్టు కింద అసలే వద్దు. సరుగుడు తోట నీడ బాగుంటుంది గానీ యజమానిని అడగాలి, ఆ ఎండాకు నిప్పంటుకుంటే క్షణాల్లో తోటంతా పాకుతుంది. మంట వేసే చోట ఆకు ఊడ్చి, గొయ్యి తవ్వి, అందులోనే వెయ్యండి. పడుకునే ముందు నీళ్లు పోసి కలిపి, బూడిద మీద అరచేయి వెనక భాగం పెట్టి చూడండి. వేడి తగిలితే ఇంకా ఆరలేదన్నమాట. చలేస్తోందని నిప్పుల కుంపటి టెంటులోకి తేవద్దు, ఇంజిన్ ఆన్ చేసి కారులో పడుకోవద్దు. వాటి నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఉద్దానంలో ఎలుగుబంట్లు ఉన్నాయి, మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు మనుషుల మీద పడ్డవి కూడా. తిండి టెంటులో పెట్టుకోకండి, మిగిలింది కట్టి బండిలో పెట్టి తలుపులెయ్యండి. రాత్రి లేవాల్సొస్తే ఇద్దరు కలిసి టార్చి వేసుకుని, మాట్లాడుకుంటూ వెళ్లండి. ఎదురుపడితే పరిగెత్తొద్దు, మొహం తిప్పకుండా మెల్లగా వెనక్కి నడవండి. ప్లాన్ మార్చి సీతంపేట, కొమరాడ వైపు వెళ్తే మాత్రం ముందు ఏనుగులు ఎక్కడున్నాయో కనుక్కోండి. టెంటు జిప్పు ఎప్పుడూ వేసే ఉంచండి, కట్లపాము ఎక్కువగా నేల మీద పడుకున్నవాళ్లనే కరుస్తుంది. కరిస్తే కొయ్యడం, తాడు బిగించడం, నాటు మందు ఏవీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, టెక్కలి గానీ శ్రీకాకుళం గానీ పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ సిగ్నల్ ఉండని చోట్లు చాలా ఉంటాయి, సిగ్నల్ ఎక్కడిదాకా ఉందో శనివారమే గుర్తుపెట్టుకో. నిండు ప్యాంట్లు వేసుకోండి, దోమల మందు రాసుకోండి. తిరిగొచ్చాక మూడు వారాల్లోపు ఎవరికైనా జ్వరం వస్తే, అడవిలో పడుకున్నామని డాక్టరుకి చెప్పాలి. మలేరియా, పొదల్లోని చిన్న పురుగులు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం రెండూ చూస్తారు.

మందు సంగతి మీ అమ్మ నీతో మాట్లాడే ఉంటుంది. ఆదివారం పొద్దున్న స్టీరింగ్ పట్టేవాళ్లిద్దరూ శనివారం రాత్రి ముట్టకూడదు. తిండికి పులిహోర కట్టించుకోండి, చోడిపిండి (రాగిపిండి) పట్టుకెళ్తే పొద్దున్నే అంబలి కాచుకోవచ్చు. మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు లెక్కేసుకోండి. తిరుగు ప్రయాణంలో మందస కోవా తెండి.

బంగాళాఖాతంలో అల్పపీడనం అని విన్నారంటే ఇంకో వారానికి వాయిదా వెయ్యండి, లీవు పోతుందని చూసుకోవద్దు.

పార, గునపం, బరకం, రెండు టేకు పలకలు మా వరండాలో పెట్టి ఉంచుతాను. శుక్రవారం సాయంత్రం స్నేహితులతో కలిసి రా, టో హుక్కులు ఎక్కడున్నాయో రెండు బండ్లకీ నేనే పడుకుని చూపిస్తాను. మీరు వెళ్లే దారి కాగితం మీద రాసి మీ అత్తకి ఇవ్వు. ఆదివారం రాత్రి ఎనిమిదింటికల్లా నీ ఫోన్ రాకపోతే నేను మందసలో మనవాళ్లకి చెప్పి వెతికిస్తాను.

మీ మావయ్య