నోటిదూల, నోటిదురుసు ఒకటేనా?

ప్రశ్న: మా కార్యాలయంలో ఒక పెద్దాయన ఎవరినీ తిట్టరు, ఎవరిమీదా కోపం తెచ్చుకోరు. కానీ ఎక్కడ ఏ మాట అనకూడదో అక్కడ ఆ మాటే అనేస్తారు. ఆయనకు నోటిదూల అని అందరూ అంటుంటారు. నోటిదురుసు అన్నా ఇదే అర్థమా? ఈ మాటను రాతలో వాడవచ్చునా?

జవాబు: రెండూ ఒకటి కావు. దురుసుగా మాట్లాడేవారి గొంతులో కాఠిన్యం, ఎదుటివారిపై చిన్నచూపు వినిపిస్తాయి. నోటిదూల ఉన్నవారిలో అటువంటి దురుద్దేశం ఉండనక్కరలేదు. దూల అంటే దురద. కాయల మీది నూగు తగిలితే చాలు, ఒళ్లు దురద పెట్టే తీగను దూలగొండి అనడం కూడా ఈ అర్థంలోనే. మనసులోకి వచ్చిన మాటను బయటికి అనేదాకా నిలవలేని స్వభావమే నోటిదూల. దీన్నే నోటితీట అనేవారూ ఉన్నారు. పరీక్ష తప్పి కుమిలిపోతున్న కుర్రవాడిని పదిమందిలో మార్కులు అడిగే మనిషికీ, పరామర్శకు వెళ్లి ఆస్తి పంపకాల ప్రస్తావన తెచ్చే మనిషికీ ఈ మాట సరిగ్గా అతుకుతుంది.

ఇది గుణాన్ని చెప్పే మాటే గాని మనిషిని చెప్పే మాట కాదు. అందువల్ల 'అతనికి నోటిదూల ఎక్కువ', 'నోటిదూల కొద్దీ అన్నాడు' అనే తీరులోనే ఇది సహజంగా ఒదుగుతుంది. అనవసరంగా నోరు పారేసుకుని అందుకు తగిన ఫలితం అనుభవించిన వారిని గురించి 'దూల తీరింది' అనడమూ వాడుకలో ఉంది. వాగుడుకాయ, వదరుబోతు అనే మాటలు మాత్రం అతిగా మాట్లాడేవారికి చెల్లుతాయి. నోటిదూల ఉన్న మనిషి రోజంతా మౌనంగా ఉండి, అనకూడని ఒక్క మాట అనవచ్చు.

తప్పును తప్పని నిర్భయంగా చెప్పినవారికి కూడా కొందరు ఈ మాట అంటగడుతుంటారు. అది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే అవసరమైన చోట చెప్పిన నిజానికీ, అవసరం లేని చోట జారిన మాటకూ పోలిక లేదు.

కథల్లో, సంభాషణల్లో నోటిదూల నిస్సంకోచంగా వాడవచ్చు. కానీ ఇందులో మోటుదనం ఉంది కనుక, వయసులో పెద్దవారిని ఉద్దేశించి, అందులోనూ కార్యాలయపు రాతకోతల్లో, 'సమయం, సందర్భం చూడకుండా మాట్లాడతారు' అని రాయడమే మర్యాద.