ప్రయాణాల్లో వెంట ఉంచుకోవడానికి తక్కువ ధరలో చిన్న చాకు ఏది కొనాలి?

వారం వారం కాకినాడ–హైదరాబాద్ రైలు, ఎప్పుడైనా ఒక ఫ్లైటు, బడ్జెట్ రెండు వేలు, తెరిచిన బ్లేడు మడుచుకోకుండా పట్టి ఉంచే లాక్ ఉన్నది కొనాలా లేనిదా అని అడిగారు. ఇంగ్లండ్‌లో మాస్టర్స్‌కి వెళ్తున్న మీ తమ్ముడికీ ఒకటి కొనిద్దామన్నారు. మీ ఇద్దరి సంగతీ వేరు కాబట్టి ముందు మీ గురించి చెప్తాను.

మీకు స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ చేసే చిన్న మడత చాకు, క్లాసిక్ ఎస్‌డీ చాలు. మూస్తే 58 మిల్లీమీటర్లు, అంటే మీ చిటికెన వేలంత. బరువు 20 గ్రాముల పైచిలుకు. మీరు చెప్పిన బడ్జెట్‌లో మామూలుగా వచ్చేస్తుంది. ఇందులో బ్లేడు, చిన్న కత్తెర, గోళ్ల ఆకురాయి, దాని కొసన స్క్రూడ్రైవర్, పక్కన దూర్చి పెట్టే పట్టకారు, టూత్‌పిక్ ఉంటాయి.

చాకు కొనేటప్పుడు అందరూ బ్లేడు పొడవు చూస్తారు గానీ, ప్రయాణంలో నేను ఎక్కువగా వాడేది కత్తెరే. రైల్లో భోజనంతో ఇచ్చే పచ్చడి ప్యాకెట్ పళ్లతో చింపితే సగం చొక్కా మీద పడాల్సిందే. ట్యాబ్లెట్ల స్ట్రిప్‌లోంచి రెండు మాత్రలు కత్తిరించి పక్క సీటాయనకి ఇవ్వాలన్నా, కొత్త చొక్కా ట్యాగు తీయాలన్నా, చిరిగిన గోరు అంచు తీసేయాలన్నా కత్తెర కావాలి. చాకుతో ఆ పనులు చేయబోతే వేలు తెగుతుంది. అరికాల్లో పల్లేరు ముల్లు దిగినప్పుడు ఆ పట్టకారు విలువ తెలుస్తుంది.

ఇక పళ్ల సంగతి. ఈ బ్లేడు పొడవు దాదాపు ఒకటిన్నర అంగుళమే. దోర జామకాయని ఒక్క కోతలో రెండు చెక్కలు చేయలేరు. చుట్టూ గాటు పెట్టి, రెండు చేతులతో మెలి తిప్పితే విడిపోతుంది. బత్తాయి తొక్క తీయడానికి బాగుంటుంది. బంగినపల్లి ముక్కలు కోయాలంటే మాత్రం రసం మోచేతి దాకా కారుతుంది, టెంక దగ్గర బ్లేడు ఆగిపోతుంది. (రసాలైతే ఎలాగూ చాకుతో పనిలేదు.) ఉల్లిపాయ, కీరదోస కోసుకుని తినే అలవాటుంటే ఈ చాకుతో విసుగొస్తుంది.

అలా రోజూ పళ్లూ కూరగాయలూ కోసుకునేవాళ్లైతే ఒపినెల్ 6వ నంబరు చూడండి. ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో 1890 నుంచి చేస్తున్న చెక్క పిడి చాకు. 6వ నంబరు బ్లేడు 7 సెంటీమీటర్లు, 7వది 8, 8వది 8.5. బ్లేడు పలచన, అందుకే జామకాయలోకి సులువుగా దిగుతుంది. లావు బ్లేడుతో కోస్తే కాయ తెగే బదులు పగులుతుంది. బ్లేడు మొదట్లో ఒక లోహపు రింగు ఉంటుంది, తిప్పితే లాక్ పడుతుంది. ఆ రింగు 1955లో వచ్చింది. 2000 నుంచి మూసి ఉన్నప్పుడు కూడా లాక్ అయ్యేలా మార్చారు, కాబట్టి బ్యాగులో దానంతట అది తెరుచుకోదు. ఈ రింగు 6వ నంబరు నుంచే ఉంటుంది, అంతకన్నా చిన్నవాటికి ఉండదు.

ఇందులో రెండు రకాల ఉక్కు దొరుకుతుంది. కార్బన్‌ది పదును ఇట్టే ఎక్కుతుంది గానీ మామిడికాయో నిమ్మకాయో కోస్తే నల్లబడుతుంది, తడి తుడవకపోతే తుప్పు. కాకినాడ సముద్రపు గాలికి అది వద్దు, ఐనాక్స్ అని రాసి ఉన్న స్టెయిన్‌లెస్ తీసుకోండి. రెండింటికీ ఉన్న ఇబ్బంది చెక్క పిడి. వానాకాలంలో పిడి ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతుంది. అప్పుడు గోరు విరగ్గొట్టుకోకుండా, రింగు లాక్ తీసి, పిడి వెనక కొసను బల్ల అంచుకి తట్టండి. బ్లేడు కాస్త బయటికి వస్తుంది, అక్కడ పట్టుకుని లాగాలి.

క్లాసిక్‌కి లాక్ లేదు. లాక్ లేని చాకులో బ్లేడును వెనకున్న స్ప్రింగే నిలబెడుతుంది. కోతకి సరిపోతుంది. కానీ మొనతో పొడిచి తిప్పే పనులు చేయకండి, బ్లేడు వేళ్ల మీదికి మడుచుకుంటుంది. క్యాన్లకి కన్నాలు పెట్టే అలవాటున్నవాళ్లకి ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

ప్లాట్‌ఫాం మీద అమ్మే ‘పదకొండు పనుల’ చాకుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బ్లేడు తెరిచి పక్కలకి ఊపి చూడండి. ఊగితే పెట్టేయండి. మూసేటప్పుడు టక్ మని పడాలి. న్యూస్ పేపర్ అంచు కోసి చూస్తే పదును సంగతీ తెలిసిపోతుంది. బ్రాండ్ పేరు చెప్పి అమ్మితే, బ్లేడు మొదట్లో కంపెనీ పేరు చెక్కి ఉందో లేదో చూడండి.

చట్టం విషయానికి వస్తే, 2016 ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడున్న కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవి మినహాయింపు. మన చాకు దాని దరిదాపుల్లో లేదు. కానీ ఎన్నికలప్పుడో గొడవలప్పుడో 163వ సెక్షన్ (పాత 144) కింద ఇచ్చే ఉత్తర్వుల్లో కర్రలూ కత్తులూ పట్టుకు తిరగొద్దని ఉంటే, చిన్నదే కదా అని వాదించకండి. మామూలు రోజుల్లో కూడా జేబులో కాకుండా పళ్ల డబ్బాతో పాటు బ్యాగులో పెట్టుకుంటే అడిగినవాళ్లకి చెప్పడం తేలిక. మెట్రో ఎక్కే రోజు ఇంట్లో వదిలేయండి. తిరుమల వెళ్తున్నా అంతే, అలిపిరిలో సామాను తనిఖీ ఉంటుంది.

ఫ్లైటుకైతే చెక్-ఇన్ బ్యాగే. మా బావమరిది క్లాసిక్ తాళాల గుత్తికి వేలాడుతూనే సెక్యూరిటీ దాకా వెళ్లింది, అక్కడే ఉండిపోయింది. చెక్-ఇన్ లగేజీ అప్పటికే వెళ్లిపోయింది మరి. అమెరికాలో 2013 మార్చిలో 2.36 అంగుళాల లోపు చాకులు క్యాబిన్‌లోకి రానిస్తామని ప్రకటించి, విమాన సిబ్బంది ఒప్పుకోకపోవడంతో జూన్‌లోనే మానుకున్నారు. కాబట్టి అక్కడా అంతే. ముందు రాత్రే గుత్తిలోంచి తీసేయండి.

వాడాక పండు రసం బ్లేడు దూరే సందులో ఎండి జిగురవుతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు మూడుసార్లు తెరిచి మూసి, ఆరాక కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయండి. కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకడుతుంది. పదును తగ్గితే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు లేని గరుకు అంచు మీద నాలుగు సార్లు రాస్తే చాలు. సానరాయి కొనక్కర్లేదు.

మీ తమ్ముడికి కూడా క్లాసిక్కే కొనండి. ఇంగ్లండ్‌లో కారణం చెప్పక్కర్లేకుండా వెంట ఉంచుకోవాలంటే మడిచేది, లాక్ లేనిది, కోసే అంచు 3 అంగుళాలు మించనిది అయ్యుండాలి. ఒపినెల్ 6 పొడవులో పాసైనా రింగు లాక్ వల్ల కుదరదు. ఆ చాకే కావాలని పట్టుబడితే లాక్ లేని 5వ నంబరు ఇవ్వండి, బ్లేడు 6 సెంటీమీటర్లే. క్యాంపస్‌లకి, హాస్టళ్లకి సొంత నియమాలుంటాయి, వెళ్లాక అడిగి తెలుసుకోమనండి.