కొంగు నెత్తిన ఉంటేనే మర్యాదా?

ప్రశ్న: పాతకాలంలో ఏ దేశంలోనైనా మంచి ఇంటి ఆడవాళ్ళు తల మీద ముసుగు లేకుండా ఉండేవాళ్ళు కాదని మా అత్తగారంటారు. మొన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెకా బొమ్మ చూపించి, "చూశావా, అందరిలోనూ ఇదే" అన్నారు. మా అమ్మమ్మ సిద్దిపేట దగ్గర ఊళ్ళో గోచీ కట్టుకుని నాట్లు వేసేది. ఆమెకు మర్యాద లేనట్టా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: అత్తగారే రెబెకాను సాక్ష్యానికి పిలిచారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. ఆ పాలరాతి బొమ్మ ఇటలీ శిల్పి బెంజోనీది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. బైబిల్ కథలో ఆ పిల్ల మనకు మొదట కనిపించేది బావి దగ్గర, భుజాన కుండతో. ముక్కూ మొహం తెలియని మనిషి నీళ్ళడిగితే ఇచ్చి, అతని ఒంటెలకూ తోడిపోసింది. అవి పది ఒంటెలు, తల్లీ! అక్కడ ముసుగు మాటే లేదు. ఎదురొస్తున్నవాడు పెళ్ళికొడుకు ఇస్సాకు అని తెలిశాకే వేసుకుంది. పలచటి బట్టను రాతిలో చూపించడమే శిల్పి గొప్ప కాబట్టి ఆయన ఆ రెండో ఘట్టం చెక్కాడు. ఒంటెల సంగతి మ్యూజియంలో ఎవరికి గుర్తొస్తుంది?

ఇంకా వెనక్కి వెళ్తే, ఇప్పటి ఇరాక్ ఉత్తర భాగంలో అస్సీరియన్లు మూడు వేల ఏళ్ళ కిందటే దీన్ని చట్టం చేశారు. పెళ్ళయినవాళ్ళు వీధిలోకి వస్తే తల కప్పుకోవాలి. వేశ్యలూ బానిస స్త్రీలూ కప్పుకోకూడదు. వేశ్య ముసుగేసుకుంటే 50 దెబ్బలు, తల మీద తారు పోయడం. బానిస అయితే చెవులు కోసేవాళ్ళు. చూసి కూడా పట్టివ్వని మగాడికీ 50 దెబ్బలే. ఫలానా స్త్రీకి వెనక ఒక మగదిక్కు ఉందా లేదా అన్నది దారినపోయేవాడికి తెలియాలి, అదీ అసలు సంగతి. దాన్ని సిగ్గు అనడం నాకు మింగుడుపడదు.

అంత దూరం ఎందుకు, ఇప్పటి కేరళ వైపున్న తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ కులం స్త్రీలు పైకులాల ముందు ఛాతీ కప్పుకోకూడదన్నారు. ఏళ్ళ తరబడి గొడవలయ్యాక 1859లో రాజు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, పైకులాల స్త్రీల తీరులో మాత్రం కప్పుకోవద్దని మెలిక పెట్టాడు!

ఇక మీ అమ్మమ్మ. మోకాలిలోతు బురదలో కుచ్చిళ్ళు వేలాడేసుకుని నాట్లు వేయమనండి చూద్దాం. కుచ్చిళ్ళు వెనక్కి దోపి కట్టే గోచీ పని కోసం పుట్టిన కట్టు. మన పాతబస్తీ పెళ్ళికూతురి ఖడా దుపట్టా చూడండి, ఆరు గజాలు. సర్దడానికే పక్కన ఇద్దరుండాలి. అందం అందమే, ఒప్పుకుంటాను. కానీ అది వేసుకుని బిందె ఎత్తలేరు, ఎత్తాల్సిన అవసరమూ లేదని చెప్పడమే దాని దర్జా.

అత్తగారితో వాదన పెట్టుకుని టెన్షన్ పడకండి. పూజలో, పెద్దల ముందు కొంగు నెత్తిన వేసుకోమంటే మీకిష్టమైతే వేసుకోండి. గ్యాస్ పొయ్యి దగ్గర మాత్రం ససేమిరా వద్దు, సింథటిక్ చీరైతే అసలే వద్దు. ఈ ఒక్క మాట నా పేరు చెప్పి ఆవిడకే చదివి వినిపించండి.