పార్కింగ్ పక్కన పొద నిండా ఊదారంగు పండ్లు: పిల్లలు తినవచ్చా?

మీరు రాసిన ఆనవాళ్లన్నీ సర్వీస్‌బెర్రీకే సరిపోతున్నాయి: ఏప్రిల్‌లో ఆకులు పూర్తిగా విప్పారకముందే సన్నని ఐదు రేకుల తెల్లపూలు, జూన్‌లో ఎరుపు నుంచి ఊదాకు తిరిగే పండ్లు, బూడిదరంగు నున్నని బెరడు. జూన్‌బెర్రీ అన్నా ఇదే. ఉత్తర అమెరికా సొంత మొక్క. ఇక్కడ న్యూజెర్సీలో అందం కోసం విరివిగా నాటుతారు, మా అపార్టుమెంట్ల చుట్టూ కూడా ఇవే. పండ్లు తినవచ్చు. కానీ నా మాట మీద తినేయకండి, మీరే ఒక పండు కోసి చూడండి.

తొడిమకు ఎదురు కొనన, దానిమ్మకాయకు ఉన్నట్టు, ఐదు మొనల చిన్న కిరీటం ఉండాలి. అది లేదంటే ఇక ఆలోచించకుండా వదిలేయండి. ఇక్కడ పొదల్లో తెగ పెరిగే బక్‌థార్న్ పండుకు ఈ కిరీటం ఉండదు. అది తింటే కడుపునొప్పి, విరేచనాలు తప్పవు. చోక్‌చెర్రీ అనే అడవి చెర్రీకీ కిరీటం ఉండదు, చీల్చితే లోపల ఒకే టెంక కనిపిస్తుంది. సర్వీస్‌బెర్రీలో మెత్తని చిన్న గింజలు కొన్ని ఉంటాయి.

తికమక పెట్టేది అరోనియా అనే ఇంకో పొద. దానికీ తెల్లపూలే, పండు కొనన అలాంటి గుర్తే. కాకపోతే జూన్‌లో దాని కాయలు ఇంకా పచ్చిగానే ఉంటాయి. విషం కాదు కానీ ఆ వగరుకు నోరు పిడచకట్టుకుపోతుంది.

అన్నీ సరిపోయాక కూడా ఎర్రటి పండ్ల జోలికి పోకండి, చప్పగా ఉంటాయి. ముదురు ఊదాకు తిరిగాక తియ్యగా, నమిలితే గింజల్లోంచి బాదం వాసనతో బాగుంటాయి. ఆలస్యం చేస్తే మాత్రం రాబిన్ పిట్టలు మీకు ఏమీ మిగల్చవు. వేసవిలో వచ్చినప్పుడు మా అమ్మ వీటితో బెల్లం వేసి పచ్చడి చేసింది. అందరూ మెచ్చుకున్నారు. నాకైతే పొద దగ్గర నిలబడి తినడమే ఇష్టం.

కోసే ముందు, ఈ మధ్య పురుగుమందు కొట్టారేమో అపార్టుమెంటు ఆఫీసులో అడగండి. కొన్ని పండ్ల మీద నారింజరంగు ముళ్లలాంటివి పొడుచుకొచ్చి ఉంటే అది తుప్పు తెగులు, దగ్గర్లోని జూనిపర్ చెట్ల నుంచి వస్తుంది. ఆ పండ్లు ఏరి పారేసి మిగతావి కడిగి పిల్లలకు పెట్టండి.