నమ్మకం లేనివాడు రొట్టెల పండక్కి వెళ్లొచ్చా?

ప్రశ్న: హైస్కూల్లో నాతో చదివిన స్నేహితుడు చాలా ఏళ్లకి ఫోన్ చేసి, ఈసారి నెల్లూరు రొట్టెల పండక్కి కలిసి పోదాం రమ్మంటున్నాడు. వాడికి భక్తి ఎక్కువ, నాకు అంత నమ్మకం లేదు. వెళ్తే నటించినట్టు కాదా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: దీనికింత టెన్షన్ ఎందుకండీ, వెళ్లండి. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో జరిగేది మీకు తెలిసిందే. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని అడిగి మరీ తీసుకుంటారు, హిందువులూ ముస్లింలూ అందరూ అదే నీళ్లలో నిలబడి, నీది ఏ మతం అని ఒకరినొకరు అడక్కుండా. (కోపం తగ్గే రొట్టె దొరికితే నాకూ ఒకటి తెచ్చిపెట్టండి.)

మీకు మొక్కాలనిపించకపోతే మొక్కొద్దు, ఆ మాట బయల్దేరేముందే వాడికి చెప్పేయండి, చిన్నప్పటి స్నేహితుడి దగ్గర దాపరికం దేనికి? కానీ అక్కడికెళ్లి నవ్వడం, వాదన పెట్టుకోవడం మాత్రం బాగుండదు. రొట్టె ఎవరైనా చేతిలో పెడితే రెండు చేతులా తీసుకోండి. నిజానికి నాకు అనుమానం, మీకు అడ్డొస్తున్నది నమ్మకం కాదేమో, ఇన్నేళ్లు మీరు ఒక్క ఫోనైనా చేయలేదన్న మొహమాటమేమో. అదైతే వాడు ఎప్పుడో వదిలేశాడు, లేకపోతే పిలిచేవాడే కాదు. జనం విపరీతంగా ఉంటారు, కారు వద్దు, రైల్లో వెళ్లండి.