తీగలు వచ్చాయి, రెండో లైను ఎప్పుడు?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ధర్మాబాద్, ఉమ్రి, బిలోలి, కుండల్‌వాడీ వైపు నుంచే వచ్చాయి. అడిగినదీ ఇంచుమించు ఒకటే: లైనుకు కరెంటు తీగలు వచ్చినా బండ్లు ఎందుకు పెరగలేదని. మహారాష్ట్రలో ఉంటూ ఇంట్లో, బజార్లో తెలుగు మాట్లాడుకునే ఈ ఊళ్లకు సికింద్రాబాద్–నాందేడ్ లైనే ఆధారం. కాలేజీకి నాందేడ్, ఆసుపత్రికి నిజామాబాద్, కొలువుకు హైదరాబాద్. నేను స్టేషన్ మాస్టరుగా ఉద్యోగం చేసి రిటైరైంది కూడా ఈ లైన్లోనే. అందుకని మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మా స్టేషన్ల కరెంటు స్తంభాలు పాతంగ చూసి మస్తు మురిసినం. ఇగ పట్నం లెక్క గంటకో బండి నడుస్తదని ఇంట్ల చెప్పిన. ఇప్పటికీ గవే బండ్లు, గదే కార్ఖేలీల ఆగుడు. మరి తీగలు ఎందుకు ఏసినట్టు?
— ఒక మిర్చి వ్యాపారి, ధర్మాబాద్

జవాబు: సేటుగారూ, మీ బాధ న్యాయమైనదే. అయితే ఆశ పెట్టుకోవాల్సింది తీగ మీద కాదు, పట్టాల మీద. కరెంటు ఇంజను వస్తే డీజిల్ ఖర్చు తగ్గుతుంది, ఆగిన బండి త్వరగా వేగం అందుకుంటుంది, దారి మధ్యలో ఇంజను మార్చే పని తప్పుతుంది. రోజుకు ఎన్ని బండ్లు నడపగలమన్నది మాత్రం లైన్లు ఎన్ని ఉన్నాయన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. ముద్ఖేడ్ నుంచి మేడ్చల్ వరకు మనకున్నది సింగిల్ లైను.

కార్ఖేలీలో మీ బండి ఆగినప్పుడు స్టేషన్ లోపల ఏం జరుగుతుందో చెబుతాను. మీరు నాందేడ్ నుంచి వస్తున్నారు. అటు ధర్మాబాద్‌లో ఎదురు బండి అప్పటికే బయలుదేరింది. ఆ రెండు స్టేషన్ల మధ్య ఒక్కటే లైను కాబట్టి మీ బండిని లూపులోకి, అంటే స్టేషన్‌లోని పక్క లైనులోకి, తీసుకోవాలి. లూపులోకి మళ్లే పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాలు) పాత రకానివైతే గంటకు 15 కిలోమీటర్లు, కాస్త మెరుగైనవైతే 30 కిలోమీటర్లు, అంతకు మించి పోవడానికి లేదు. అంటే డ్రైవరు చాలా దూరం నుంచే బ్రేకు పట్టుకుంటాడు. ఆ తర్వాత ఎదురు బండి రావాలి. వచ్చినా సరిపోదు. దాని చివరి పెట్టెకు వేలాడే ‘ఎల్‌వి’ బోర్డు స్టేషన్ మాస్టరు కళ్లారా చూడాలి. అది కనబడితేనే బండి మొత్తం వచ్చిందని, మధ్యలో ఏ పెట్టే తెగి పడిపోలేదని లెక్క. అప్పుడు పాయింట్లు తిప్పి, ధర్మాబాద్‌ను లైన్ క్లియర్ (బండి పంపడానికి అనుమతి) అడిగి, వాళ్లు ఇస్తే సిగ్నలు దించాలి. ఎదురు బండి ఆలస్యమైతే ఆ ఆలస్యం మీ బండికీ అంటుకుంటుంది. మీ బండి నుంచి ఆ తర్వాత క్రాసింగ్‌లో కలిసే బండికి పోతుంది. ఇంజను డీజిల్‌దైనా కరెంటుదైనా ఈ వరసలో మారేది ఏమీ లేదు.

మరి తీగలే ముందు ఎందుకు వచ్చాయంటే, అవి వేయడం సులువు కనుక. దేశంలో మిగిలిన బ్రాడ్‌గేజ్ లైన్లన్నిటికీ కరెంటు పెట్టాలని కేంద్ర కేబినెట్ 2018 సెప్టెంబరులో నిర్ణయించింది. 13,675 కిలోమీటర్లు, 12,134 కోట్ల రూపాయలు, 2021–22 కల్లా పూర్తి అన్నారు. గడువు దాటినా ఆ పని ఆగలేదు. డబ్బు ఒక్కరిదే, స్తంభాలు పాతే నేల రైల్వేదే. సబ్‌స్టేషన్‌కు కాస్త జాగా, గ్రిడ్ నుంచి కనెక్షను ఉంటే చాలు. రెండో లైను అలా కాదు. కట్ట వెడల్పు చేయాలి, కల్వర్టులు పొడిగించాలి, ప్లాట్‌ఫారాలు జరపాలి, ప్రతి స్టేషన్‌లో సిగ్నళ్లు కొత్తగా అమర్చాలి. మన లైన్లో అన్నిటికంటే పెద్ద పని బాసర దగ్గర గోదావరి మీద మరో వంతెన.

ఈ వరస మనలాంటి ఊళ్లకు నష్టమేనని నా అభిప్రాయం. డబ్లింగ్ (రెండో లైను వేయడం), విద్యుదీకరణ కలిపి ఒకేసారి ప్లాన్ చేసిన చోట స్తంభాలు రెండు లైన్ల లెక్కతోనే పాతుతారు. ముందు తీగ, తర్వాత ఎప్పటికో పట్టా అంటే కొన్ని చోట్ల పాతిన స్తంభాలే మళ్లీ పీకి జరపాలి. నడుస్తున్న బండ్లు ఆపి, కరెంటు తీసి, గంటా రెండు గంటల బ్లాకుల్లో చేయాల్సిన పని అది. ఆ ఆలస్యం పడేది మళ్లీ మీ మీదే.

మంజూరు లేదని మాత్రం అనుకోకండి. ముద్ఖేడ్–మేడ్చల్, మహబూబ్‌నగర్–డోన్ రెండు ముక్కలనూ కలిపి సుమారు 418 కిలోమీటర్ల డబ్లింగ్‌కు 2023 ఆగస్టులో కేబినెట్ ఆమోదం వచ్చింది. పూర్తి ఖర్చు కేంద్రానిదే. ఇది చిన్న విషయం కాదు. ఎందుకో కింది జవాబులో రాశాను.

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మాది కుండల్‌వాడీ, కొలువు కోసం మేడ్చల్‌లో ఉంటున్నాను. ఇక్కడికి ఎంఎంటీఎస్ లోకల్ రైలు రావడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో వివరిస్తారా? అదే రైలును ఇంకాస్త పొడిగిస్తే మా ధర్మాబాద్ దాకా రాదా?

జవాబు: బాబూ, మేడ్చల్ కథ తెలిస్తే మన కథ సగం అర్థమైనట్టే. హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ మొదటి దశ 2003 ఆగస్టులో మొదలైంది. రాష్ట్రం సగం, రైల్వే సగం పెట్టుకున్నాయి. రెండో దశ 2012–13లో మంజూరైంది. అంచనా 816 కోట్లు. ఈసారి రాష్ట్రం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు ఇవ్వాలని ఒప్పందం. ఉమ్మడి రాష్ట్రం చేసుకున్న ఒప్పందం అది. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఆ బాధ్యత తెలంగాణకు వచ్చింది. రైల్వే తన వాటాతో పని మొదలుపెట్టింది. రాష్ట్ర వాటా పూర్తిగా జమ కాలేదని ఏటా చెబుతూ వచ్చింది. డబ్బు ఆగితే కాంట్రాక్టరు మనుషులను వెనక్కి తీసుకుంటాడు, ఈలోగా ఇనుము ధర, సిమెంటు ధర పెరుగుతాయి, అంచనా తిరగరాయాలి, తిరగరాసిన అంచనాకు మళ్లీ ఇద్దరూ ఒప్పుకోవాలి. సనత్‌నగర్–మౌలాలి మార్గంలో రక్షణ శాఖ భూమి చిక్కు అదనం. చివరికి మీ మేడ్చల్‌కు, అటు ఉందానగర్‌కు 2023 ఏప్రిల్ 8న సర్వీసులు మొదలయ్యాయి. సనత్‌నగర్–మౌలాలి 2024 మార్చి 5న తెరిచారు. ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి పక్కనున్న రాయగిరి దాకా 33 కిలోమీటర్ల పొడిగింపు 2016 నుంచి మాటల్లోనే నానింది. అక్కడా గొడవ వాటా దగ్గరే.

ఇది తెలంగాణ తప్పు, లేదా ఢిల్లీ తప్పు అని ఒకరి మీద తోసేస్తే సరిపోదు. మన మహారాష్ట్రలోనే చూడు. నవీ ముంబైలో ఉరణ్ లైను సుమారు 27 కిలోమీటర్లే. నవీ ముంబైని కట్టిన మహారాష్ట్ర ప్రభుత్వ సంస్థ సిడ్కో 67 పాళ్లు, రైల్వే 33 పాళ్లు, అంటే ఎంఎంటీఎస్ రెండో దశ లెక్కే. 1990ల చివర్లో అనుకున్న ఆ లైను ఖార్‌కోపర్ దాకా 2018 నవంబరులో, ఉరణ్ దాకా 2024 జనవరిలో తెరుచుకుంది. భూసేకరణ, మడ అడవుల అనుమతులు దాన్ని ఏళ్ల తరబడి పట్టి ఉంచాయి. పాతికేళ్లు! ఆ లైను మీద ఆశతో ఇల్లు కొనుక్కున్నవాళ్ల పిల్లలు పెద్దవాళ్లయిపోయారు.

ముంబైకి ఒక మేలు జరిగింది. లోకల్ రైళ్ల విస్తరణ కోసమే 1999లో ముంబై రైల్వే వికాస్ కార్పొరేషన్ అనే సంస్థ పెట్టారు. రైల్వేకు 51, మహారాష్ట్రకు 49 శాతం వాటా. ఫైలు ఎక్కడ ఆగిందో అడగడానికి ఒక గడప ఉంది. అది ఉన్నా 2016లో మంజూరైన విరార్–డహాణూ మూడు, నాలుగో లైన్లు భూమి, అడవి అనుమతుల దగ్గర కుంటుపడ్డాయి. అడగడానికి ఆ గడప కూడా లేని చోట ఎలా ఉంటుందో ఆలోచించు. అందుకే మన డబ్లింగ్‌కు మొత్తం ఖర్చు కేంద్రమే భరిస్తుందన్న మాట నాకు ధైర్యం ఇస్తోంది. వాటాల గొడవ లేదు. ఇక మిగిలింది భూమి, వంతెన, పని వేగం.

ఎంఎంటీఎస్ ధర్మాబాద్ దాకా రావాలని మాత్రం కోరుకోవద్దు. ఆ బండ్లలో మరుగుదొడ్లు ఉండవు. నగరం లోపల తిరగడానికి చేసినవి. మీ అమ్మగారిని అందులో అంత దూరం కూర్చోబెట్టగలవా? మనకు కావలసింది మెమూ. అదీ కరెంటు బండే, రెండు వైపులా డ్రైవర్ క్యాబిను ఉంటుంది కాబట్టి ఇంజను తిప్పే పని ఉండదు, చిన్న స్టేషన్లలో ఆగి వెంటనే వేగం అందుకుంటుంది. మరుగుదొడ్లూ ఉంటాయి.

ప్రశ్న: మా అమ్మాయి రోజూ ఉమ్రి నుంచి నాందేడ్‌కు అప్‌డౌన్ చేస్తుంది. తీగలుండగా డీజిల్ బండి ఎందుకు నడుపుతున్నారని అడుగుతోంది.
— ఒక తల్లి, ఉమ్రి

జవాబు: అమ్మా, తీగ వేసినంత మాత్రాన మెమూ పెట్టెలు రావు. ఫ్యాక్టరీ నుంచి రేక్ (ఒక బండికి సరిపడా పెట్టెల వరస) రావాలి, దాన్ని కడిగి, విప్పి, బాగుచేసే షెడ్డు దగ్గర్లో ఉండాలి, డ్రైవర్లకు శిక్షణ ఇవ్వాలి. ఇవన్నీ లైనుతో పాటే ప్లాన్‌లో రాసుకోవాల్సినవి. విడిగా తర్వాత చూద్దామనుకుంటే ఇలాగే అవుతుంది.

మీ అమ్మాయికి, ఆమె స్నేహితులకు ఇంకో మాట కూడా చెప్పండి. ఆ తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు, గాలిలోంచే దూకి కొడుతుంది. రెండు మీటర్ల లోపలికి ఎవరూ పోకూడదు. ఆగి ఉన్న గూడ్స్ పెట్టె ఎక్కి ఫొటో దిగుదామనుకునే కుర్రాళ్లు ఇంటికి తిరిగి రారు. గేటు దగ్గర ట్రాక్టర్ మీద ఎత్తుగా పత్తి, గడ్డి వేసుకుని పోయేవాళ్లూ పైనున్న అడ్డకడ్డీ ఎత్తు చూసుకోవాలి. లోడు మీద మనిషిని కూర్చోబెట్టి గేటు దాటించకండి. ఇన్నేళ్లు ఈ లైను మీద తీగ లేదు, మన పిల్లలకు ఆ భయం తెలియదు. బడిలో చెప్పించండి.

ప్రశ్న: మేం అర్జీ పెట్టదలచుకున్నాం. ఎవరికి పెట్టాలి, ఏం రాయాలి?
— ధర్మాబాద్, బిలోలి ప్రయాణికులు కొందరు

జవాబు: మీరు రాసి పంపిన నమూనాలో ‘మా ప్రాంతానికి అన్యాయం జరుగుతోంది, మరిన్ని రైళ్లు కావాలి’ అని ఉంది. నిజమే, కానీ అలాంటి కాగితం ఏ అధికారి దగ్గరా నిలవదు. ఆయన చేయగలిగింది అందులో ఏమీ లేదు.

నేనైతే ఇలా రాస్తాను. పర్భణీ నుంచి ముద్ఖేడ్ దాకా 81 కిలోమీటర్ల డబ్లింగ్ ఇప్పటికే అయిపోయింది. అంటే నాందేడ్ నుంచి ముద్ఖేడ్ వరకు రెండు లైన్లు ఉన్నాయి. ముద్ఖేడ్ నుంచి ఉమ్రి, కార్ఖేలీ మీదుగా ధర్మాబాద్ వచ్చే ముక్కలో గోదావరి దాటే పని లేదు. బాసర వంతెన ఆలస్యమైనా ఈ ముక్క ఆగనక్కర్లేదు. డబ్లింగ్ ఎప్పుడూ ముక్కలు ముక్కలుగానే తెరుస్తారు. రైల్వే సేఫ్టీ కమిషనర్ చూసి అనుమతిస్తే ఏ ముక్క ఆ ముక్క వాడుకోవచ్చు. కాబట్టి ముద్ఖేడ్–ధర్మాబాద్ ముక్కను ముందు పూర్తి చేసి తెరవమని అడగండి. అప్పుడు నాందేడ్ నుంచి ధర్మాబాద్ దాకా క్రాసింగ్ కోసం ఏ బండీ ఆగదు. పొద్దున, సాయంత్రం మెమూలు నడపడానికి దారి దొరుకుతుంది. మన్మాడ్ పోయే మరాఠ్వాడా ఎక్స్‌ప్రెస్‌ను ఏళ్లుగా ధర్మాబాద్ నుంచే బయలుదేరదీశారు, అంటే బండి మొదలయ్యే స్టేషన్‌గా దానికి అలవాటు ఉంది. ఇదీ రాయండి. వంతెన పునాదుల పని మాత్రం అన్నిటికంటే ముందు మొదలుపెట్టమని వేరే పేరాలో కోరండి. వానాకాలం నదిలో దిగలేరు, ఒక ఎండాకాలం పోతే ఏడాది పోయినట్టే.

కాగితం డివిజనల్ రైల్వే మేనేజరుకు ఒకటి, సికింద్రాబాద్‌లో దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజరుకు ఒకటి, నాందేడ్ ఎంపీకి ఒకటి ఇవ్వండి. జనరల్ మేనేజరు ఎంపీలతో సమావేశం పెడతారు. అక్కడ లిఖితపూర్వకంగా అడిగినదానికి లిఖితపూర్వకంగా జవాబు వస్తుంది. మనకున్న చిక్కు ఒకటుంది. మన ఊళ్లు మహారాష్ట్రలో, మన రైలును నడిపించే ఆఫీసు తెలంగాణలో. ముంబైలో వాళ్లకు లోకల్ బండ్లే లోకం, హైదరాబాద్ వాళ్లకు మేడ్చల్ దాటితే పరాయి ఊరు. అందుకే నిజామాబాద్, బాసర ప్రయాణికుల సంఘాల సంతకాలు కూడా తీసుకోండి. రెండో లైను వాళ్లకూ కావాలి. రెండు రాష్ట్రాల ఎంపీలు ఒకే ముక్క గురించి అడిగితే ఫైలు కదులుతుంది. అది నేను ఉద్యోగంలో ఉండగా చూశాను.

అర్జీకి నెల పాసుల లెక్క జత చేయండి. ఏ బండికి, ఏ స్టేషన్ నుంచి, ఎంతమంది పాసు మీద పోతున్నారో మీరే రాసుకోవచ్చు. టికెట్ లేకుండా ఎక్కేవాళ్లు రైల్వే లెక్కలో లేనట్టే. మీ పిల్లలందరికీ పాసులు తీయించండి.

దెగ్లూర్ నుంచి నాందేడ్–బీదర్ కొత్త లైను గురించి అడిగిన అన్నగారికి వచ్చే నెల జవాబు రాస్తాను. అది వాటాల లెక్క ఉన్న లైను, రెండు ముక్కల్లో చెప్పేది కాదు.